రెండు పాటల తోడు



ఈ పూట మీకు ఒక నాట్యం గురించి చెబుతాను. దీనికి గజ్జెలు అక్కర్లేదు, అరంగేట్రం ఉండదు, కూర్చుని చూసే ప్రేక్షకులూ ఉండరు. వచ్చినవాళ్లంతా ఆడేవాళ్లే. ఫిన్లాండ్‌లో వేసవి వచ్చిందంటే సరస్సుల ఒడ్డున జంటలు జంటలుగా ఆడే నాట్యమిది. ఆ దేశంలో కాపురమున్న ఏడేళ్లలో దీన్ని చూశాను, తప్పటడుగులు వేస్తూ ఆడాను, చివరికి ప్రేమించాను. దీన్ని ఎలా ఆస్వాదించాలో నాకు తెలిసినంత మీతో పంచుకుంటాను.

ముందు అక్కడి మనుషుల సంగతి చెప్పాలి. ఫిన్లాండ్ జనాభా 55 లక్షలకు అటూ ఇటూ. వాళ్ల ఆవిరి స్నానపు గదులు, అంటే సౌనాలు, 30 లక్షల దాకా ఉంటాయని అంచనా. మన ఇళ్లలోలాగే చెప్పులు గుమ్మం దగ్గర విడిచే లోపలికి వెళతారు. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరినీ ‘నువ్వు’ అనే పిలుచుకుంటారు. కానీ మాట మాత్రం మహా పొదుపు. మేం తాంపెరె నగరంలో దిగిన కొత్తలో మా పక్కింటి ఆవిడ లిఫ్టులో ఎదురైతే ‘మొయి’ అనేది. అంటే నమస్తే అన్నట్టు. ఆ ఒక్క మాటతో ఎనిమిది నెలలు గడిచాయి. కొత్తగా దిగినవాళ్లని సాయంత్రానికల్లా పక్కింటివాళ్లు పలకరించే ఊళ్లో పెరిగినదాన్ని. నామీద ఏదో కోపం కాబోలని ఆ చలికాలమంతా కుమిలిపోయాను.

జూలైలో ఒక శుక్రవారం ఆవిడే మా తలుపు తట్టింది. “రేపు డాన్సుకి వెళ్తున్నాను. కారులో చోటుంది. వస్తావా?” అంది.

వెళ్లింది ఒక ‘లవ’కి. లవకుశుల్లో లవుడి పేరు పలికినట్టే పలకాలి. ఫిన్నిష్‌లో ఆ మాటకు అరుగు అని అర్థం. చెక్కలతో పరిచిన విశాలమైన నేల, పైన కప్పు, పక్కనే సరస్సు, చుట్టూ భూర్జ వృక్షాలు. రాత్రి తొమ్మిదయినా ఎండ ఇంకా నీళ్లమీద మెరుస్తూనే ఉంది. ఆడవాళ్లు బల్లల మీద కూర్చుని, సంచుల్లోంచి అడుగు నున్నగా ఉండే బూట్లు తీసి తొడుక్కుంటున్నారు. కొందరు మగవాళ్లు చెమట పట్టాక మార్చుకోవడానికి మరో చొక్కా తెచ్చుకున్నారు. ఇలాంటి చాలా లవల్లో మద్యం ఉండదు. కాఫీ, దానితో పుల్ల అనే తియ్యటి బన్ను. ఆ బన్నులో ఏలకుల పొడి వేస్తారు. చెక్క గదిలో ఏలకుల వాసన తగలగానే, అన్ని వేల మైళ్ల దూరాన, మా అమ్మ వంటింట్లో నిలబడ్డట్టయింది నాకు.

ఈ నాట్యాన్ని ఆస్వాదించాలంటే మొదట దాని మర్యాద తెలియాలి. పాటలు రెండేసి చొప్పున వస్తాయి, రెండూ టాంగో లాంటి ఒకే రకం నాట్యానివి. అడిగే మనిషి ఎదుటికొచ్చి తల కాస్త వంచి “సాంకో లువన్?” అంటాడు. అనుమతి ఇస్తారా అని. మొదటి పాట అయిపోగానే విడిపోకూడదు, రెండోది కూడా అదే జతతో ఆడాలి. అది ముగిశాక “కీతోస్” అని కృతజ్ఞత చెప్పి, ఆమెను ఎక్కడినుంచి తీసుకొచ్చాడో అక్కడే దిగబెట్టి వెళ్లాలి. జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. వేగంగా సాగేవాళ్లు బయటి అంచున, నిదానస్తులు లోపలి వైపు. మరో ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. కొంతసేపు మగవాళ్లు అడిగితే, కొంతసేపు అడిగే వంతు ఆడవాళ్లది. దాన్ని ‘నైస్తెన్‌హకు’ అంటారు. గోడమీద దీపపు అక్షరాలు మారగానే ఆడవాళ్లు లేచి తమకు నచ్చినవాళ్ల దగ్గరికి నడుస్తారు.

పరాయి మగవాడి చేతిలో చెయ్యి వెయ్యడం నాకు అలవాటు లేని పని. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, నా ముందుకొచ్చి తల వంచాడు. నాకు రాదని చెప్పాను. చిన్నగా తల ఊపి చెయ్యి అలాగే చాచి ఉంచాడు. టాంగో మొదలైంది. రెండు అడుగుల్లోనే ఆయన కాలు తొక్కాను. ఆయన ఏమీ అనలేదు, తన అడుగు చిన్నది చేశాడు. ఇంకోసారి తొక్కాను. ఇంకా చిన్నది చేశాడు. వట్టి నడకే మిగిలింది. అప్పుడు నా పాదాలకు పాట వినిపించడం మొదలైంది. రెండు పాటలూ అయ్యాక నన్ను నా బల్ల దగ్గర దించి “కీతోస్” అన్నాడు. మా మధ్య నడిచిన సంభాషణ అంతే. అయినా ఆ ఎనిమిది నెలల్లో ఎవరూ నాతో అంతసేపు మాట్లాడలేదనిపించింది.

ఇప్పుడు సంగీతానికి వద్దాం. టాంగో అర్జెంటీనాలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు యూరప్ మీదుగా ఫిన్లాండ్ చేరింది. చేరి, అక్కడి మనసులాగే మారింది. సంగీతం తెలిసిన శ్రోతలకు ఒక గుర్తు. ఈ టాంగోలు దాదాపు అన్నీ మైనర్‌లో సాగుతాయి. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనే స్వరవరుస మన కీరవాణి. స్వరం ధైవతం నుంచి కాకలి నిషాదానికి ఎగబాకి షడ్జమం మీద వాలే చోటుని చెవితో పట్టుకోండి. ఆ పాటల్లోని దిగులూ ఆశా అక్కడ కలుసుకుంటాయి. తరవాత అకార్డియన్ వినండి. మన హార్మోనియంలాగే తిత్తిలోని గాలితో పలికే వాద్యం. తిత్తి నెమ్మదిగా సాగదీసినప్పుడు అచ్చం నిట్టూర్పులా ఉంటుంది.

ఆ దిగులుకి చరిత్ర ఉంది. 1939 చివర్లో సోవియట్ యూనియన్‌తో యుద్ధం రాగానే అక్కడి ప్రభుత్వం బహిరంగ నృత్యాలను నిషేధించింది. సరిహద్దులో కుర్రాళ్లు ప్రాణాలిస్తుంటే ఇక్కడ ఆటలేమిటని. పల్లెల్లో యువకులు కొట్టాల్లో చాటుగా కలుసుకుని, బయట ఒకరిని కాపలా ఉంచి ఆడుకునేవారట. యుద్ధంలో కరేలియా ప్రాంతంలో చాలా భాగం చేజారింది. 4 లక్షల మందికి పైగా ఇల్లూ పొలమూ వదిలి వచ్చేశారు. తొయివో కార్కి వంటి స్వరకర్తలు, ఒలవి విర్త వంటి గాయకులు టాంగోని ఇంటింటికీ చేర్చింది ఆ తరువాతి కాలంలోనే. ఉంతో మోనోనెన్ అలా పోయిన కరేలియాలో పుట్టినవాడు. ఆయన రాసి స్వరపరచిన ‘సతుమా’ 1955లో మొదటిసారి రికార్డయింది. 1962లో రెయ్యో తైపలె గొంతులో దేశమంతా మోగింది. సతుమా అంటే కథల్లోని దేశం. సముద్రం అవతల ఉన్న ఆ సుఖసీమకు చేరలేని మనిషి వేదన అందులో ఉంటుంది. పుట్టిన ఊరు వదిలొచ్చిన ఎవరికైనా అది సొంత పాటలా వినిపిస్తుంది. నాకూ అంతే. 1985 నుంచి సెయినాయోకి పట్టణంలో ప్రతి వేసవి టాంగో ఉత్సవం జరుగుతోంది. అక్కడ గాయకుల్లోంచి టాంగో రాజును, రాణిని ఎన్నుకుంటారు.

అంతా దిగులే అనుకోకండి. హుంప్ప అనే హుషారైన నాట్యం ఉంది. ఆ పేరు రేడియోలో పుట్టింది. 1950ల చివర్లో ఒక రేడియో కార్యక్రమం ద్వారా అంతెరో అల్పోల దాన్ని వాడుకలోకి తెచ్చాడు. యెంక్క అనే గెంతుల నాట్యమూ ఉంది. దాని రీతిలో 1963లో రౌనో లెహ్తినెన్ కట్టిన ‘లెత్కిస్’ బాణీకి, ముందువాళ్ల నడుం పట్టుకుని వరుసగా గెంతుతూ ఎన్నో దేశాల జనం ఆడారు.

భాష రాకపోతే పాట ఎలా అని మీరు అడగవచ్చు. తెలుగు చెవికి ఫిన్నిష్ అంత పరాయిది కాదు. మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనలాగే అర్థాన్ని మారుస్తాయి. ‘తులి’ అంటే నిప్పు. ‘తూలి’ అంటే గాలి. ‘తుల్లి’ అంటే సుంకం. ఆ తేడా పలకడానికి మా ఆఫీసులో వేరే దేశాలవాళ్లు నానా అవస్థ పడేవారు. నాకు మొదటిరోజే వచ్చింది. గాయకుడు దీర్ఘాక్షరాన్ని నిలబెట్టిన చోట జంటల అడుగు కూడా సాగుతుంది. అర్థం తెలియకపోయినా ఆ కొలత మనకు తెలుస్తుంది.

ఆ రాత్రి కారులో తిరిగొస్తూ పక్కింటి ఆవిడని అడిగాను, అన్నాళ్లూ ఎందుకు పలకరించలేదని. ఆవిడ రోడ్డు వంకే చూస్తూ కొంచెంసేపు ఆలోచించింది. “ఇల్లు సర్దుకుంటున్నావు కదా, ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను,” అంది. ఎదుటి మనిషి చుట్టూ కాస్త ఖాళీ వదలడం వాళ్లలో గౌరవం. డాన్సులో ఆ ఖాళీని ఇద్దరూ ఒప్పుకుని రెండు పాటలసేపు దాటుతారు, మళ్లీ మర్యాదగా ఎవరి చోటికి వాళ్లు చేరుకుంటారు. అది గ్రహించాక లిఫ్టులో ఆవిడ ‘మొయి’ నాకు చల్లగా తోచలేదు.

మూడో వేసవిలో అదే లవలో నైస్తెన్‌హకు దీపం వెలిగింది. గోడవారగా ఒక విదేశీ కుర్రాడు, చదువుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు, తన బూట్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. వెళ్లి తల వంచి “సాంకో లువన్?” అన్నాను. రాదన్నాడు. చెయ్యి అలాగే చాచి ఉంచాను. టాంగో మొదలైంది. రెండు అడుగుల్లోనే నా కాలు తొక్కాడు.

నేను అడుగు చిన్నది చేశాను.