‘పట్టించుకోకు’ అనవద్దు



జార్జి టౌన్‌లో తరతరాలుగా తెలుగు వినబడుతున్నది. అయినా మన బిడ్డలను బడిలో “గొల్టి” అని గేలిచేసే అలవాటు పోలేదు. ఒకనాడు అంటే పరిహాసం కావచ్చు. గుంపుగా, నిత్యమూ అంటే అది వేధింపే. దానివల్ల బిడ్డ బడికి పోనంటుంది. క్రమంగా ఇంట్లోనూ తెలుగు మాట్లాడడం మానుకోవచ్చు.

అప్పుడు “పట్టించుకోకు” అనకండి. ఆ మాటతో బిడ్డ మనకు చెప్పడమూ మానేస్తుంది. ఓపికగా వినండి. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో వ్రాసి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. 1996లో చిదంబరంలో ఒక వైద్యవిద్యార్థి హత్యకు గురైన పిదప, 1997లో తమిళనాడు ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. విద్యార్థికి భయమో సిగ్గో కలిగించే చేష్టలూ దాని ప్రకారం నేరమే. సాయానికి 1098 పిల్లల సహాయవాణి ఉంది.

మన బిడ్డ మరొకరి యాసను గేలిచేసినా న్యాయం ఇదే.