వీడియో ఆటలలో అరువు గొంతులు

మా నిలయపు ధ్వనిముద్రికల భాండాగారములో కీర్తిశేషులైన పెద్దల గొంతులు అనేకము భద్రముగా నున్నవి. ఏ జయంతినాడో వర్ధంతినాడో వానిలో నొకదానిని ప్రసారము చేసినప్పుడు, ఆ పెద్దల బిడ్డలు ఫోను చేసి, “నాన్నగారి గొంతు మళ్లీ వినిపించినారండీ” అని గద్గదస్వరముతో పలుకుట మాకు క్రొత్త కాదు. ఆ సంతోషమునకు మూలము ఒక నమ్మకము. మేము వినిపించినది ఆయన పలికిన మాటయే. అందులో ఒక్క అక్షరమైనను మేము చేర్చలేదు.

నేడు ఆ నమ్మకమునకు పరీక్ష వచ్చినది. కృత్రిమ మేధ ఒక మనిషి గొంతును కొంతసేపు విని, అతడు ఎన్నడును పలుకని మాటను అతని గొంతుతోనే పలుకగలుగుచున్నది. ఈ విద్య సినిమాలలోను, వ్యాపార ప్రకటనలలోను ప్రవేశించినది. కాని దీని మంచిచెడ్డలు మిక్కిలి స్పష్టముగా కనబడు చోటు వీడియో ఆట.

వీడియో ఆట యనగానే పిల్లల కాలక్షేపమని పెద్దలలో పలువురు త్రోసివేయుదురు. నిజమునకు నేటి పెద్ద ఆట ఒక మహానాటకము వంటిది. అందలి పాత్రలకు వేలకొలది సంభాషణలుండును. ఒక నటుడు గొంతునిచ్చును. మరియొక నటుడు ఒంటినిండ గుర్తుబిళ్లలు ధరించి నడచి, పరుగిడి, పడి లేచి చూపగా, ఆ కదలికలను యంత్రము గ్రహించి తెరమీది బొమ్మకు ఇచ్చును. మన నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న మొదటివానిది వాచికము, రెండవవానిది ఆంగికము. ఈ రెండింటిని యంత్రము అనుకరింప నేర్చినది. ఇక నటునికి మిగులునది ఏమి? రెండు ఉదాహరణములు చూతము.

పోలండు దేశమునకు చెందిన సీ.డీ. ప్రాజెక్ట్ సంస్థ 2020 లో “సైబర్‌పంక్ 2077” అను ఆటను విడుదల చేసెను. అందులో విక్టర్ అను వైద్యుని పాత్రకు పోలిష్ భాషలో గొంతునిచ్చిన నటుడు మివోగొస్త్ రెచెక్ 2021 లో మరణించెను. 2023 లో ఆ ఆటకు అనుబంధ కథ వెలువరించు సందర్భమున అదే పాత్రకు క్రొత్త మాటలు కావలసివచ్చెను. పాత్ర మొత్తమును వేరొక నటునిచే మరల చెప్పించుట ఒక మార్గము. అట్లు చేసినచో రెచెక్ నటన తుడిచిపెట్టుకొని పోవును. అందుచేత సంస్థవారు ఆయన కుమారుల అనుమతిని కోరిరి. వారు సంతోషముతో అంగీకరించిరి. పిమ్మట యానుష్ జదూరా అను నటుడు క్రొత్త మాటలను అభినయించి పలుకగా, ఆ పలుకులకు యంత్రము రెచెక్ కంఠస్వరమును తొడిగెను. సంస్థవారు ఈ సంగతిని దాచక పత్రికలకు తెలిపిరి. ఇచట మాట వ్రాసినవాడు మనిషి, పలికినవాడు మనిషి. యంత్రము చేసినది స్వరమును మార్చుట మాత్రమే. పోయిన నటునికి గౌరవము దక్కినది, బ్రతికియున్న నటునికి పని దొరకినది.

రెండవది అమెరికాలో జరిగినది. “స్టార్ వార్స్” చిత్రములలో డార్త్ వేడర్ పాత్రకు గొంతునిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ 2024 సెప్టెంబరులో తన 93వ యేట మరణించెను. 2025 మే నెలలో ఎపిక్ గేమ్స్ సంస్థ “ఫోర్ట్‌నైట్” అను తన ఆటలో ఆ పాత్రను ఆ గొంతుతోనే ప్రవేశపెట్టెను. ఆడువాడు ఏమడిగినను వేడర్ అప్పటికప్పుడు బదులు చెప్పెడివాడు. ఆ బదులును ముందుగా వ్రాసిన రచయిత లేడు, పలికిన నటుడు లేడు. కుటుంబమువారి అనుమతి మాత్రము కలదు. అయినను విడుదలైన కొలది గంటలలోనే కొందరు ఆటగాండ్రు ఆ గొంతుచే బూతుమాటలు పలికించిరి. సంస్థవారు వెంటనే దిద్దుబాటు చేసిరి. కొన్ని దినములకే సాగ్-ఆఫ్‌ట్రా అను నటుల సంఘము అక్కడి జాతీయ కార్మిక సంబంధముల బోర్డునకు ఫిర్యాదు చేసెను. కుటుంబము అనుమతినిచ్చుటకు వారు ఆక్షేపింపలేదు. ఇదివరలో ఆటలలో ఆ గొంతును అనుకరించి జీవించిన నటులు కలరు. వారి పనిని తమతో సంప్రదింపకయే యంత్రమునకు అప్పగించిరని వారి అభియోగము.

రెండు చోట్లను అనుమతి కలదు. మరి భేదమెక్కడ? అనుమతి గొంతునకు సంబంధించినది. ఆ గొంతు పలుకు మాటకు పూచీ ఎవరిదన్నది వేరు ప్రశ్న. మొదటి చోట ప్రతి మాటకును ఒక మనిషి పూచీ వహించెను. రెండవ చోట మాట నోటినుండి వెలువడిన తరువాతనే పూచీ వెదకవలసివచ్చెను. చనిపోయినవాడు, “ఆ మాట నాది కాదు” అని లేచి చెప్పలేడు గదా!

ఇది ఒక్క ఆటకు సంబంధించిన తగవు కాదు. అమెరికాలో వీడియో ఆటల నటులు 2024 జూలై 26 నుండి 2025 జూన్ వరకు, దాదాపు పదునొకండు నెలలు సమ్మె చేసిరి. కృత్రిమ మేధనుండి రక్షణ వారి ముఖ్యమైన కోరిక. గొంతునిచ్చువారితోపాటు ఆంగికమునిచ్చువారికిని ఆ రక్షణ ఉండవలెనని పట్టుబట్టిరి. 2025 జూలైలో ఆమోదము పొందిన ఒడంబడిక ననుసరించి, నటుని ప్రతిరూపమును యంత్రముచే సృష్టింపదలచిన యజమాని అతని సమ్మతిని పొందవలెను, వినియోగమును తెలుపవలెను. సమ్మె కాలమున క్రొత్త సృష్టికిచ్చిన సమ్మతిని నటుడు నిలిపివేయవచ్చును. ఆటలనమ్ము స్టీమ్ అను అంగడియు 2024 జనవరినుండి, కృత్రిమ మేధను వాడినవారు ఆ విషయమును వెల్లడింపవలెనని నియమము పెట్టెను.

దూరదేశపు తగవు మనకేల యని అనుకొనరాదు. 2020 లో దివంగతులైన గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి గొంతును తమ అనుమతి లేకయే 2023 నాటి ఒక తెలుగు చలనచిత్రములో కృత్రిమ మేధచే పునఃసృష్టించిరని ఆరోపించుచు, ఆయన కుటుంబమువారు 2024 లో నోటీసు పంపిరి. ఆ తలుపు మన ఇంటిదే.

యంత్రమును బొత్తిగా వెలివేయుమని మేము చెప్పము. ఇద్దరు ముగ్గురు యువకులు తమ చేతి సొమ్ముతో ఒక ఆటను నిర్మించినప్పుడు పది పాత్రలకు పదిమంది నటులను పిలువలేరు. పెద్ద ఆటలు తెలుగులో మాటలాడుట నేటికిని అరుదు. చూపు లేనివారికి తెరమీది అక్షరములను చదివి వినిపించు గొంతు మహోపకారి. తెలిసి, ఒప్పుకొని, ప్రతిఫలము పుచ్చుకొని ఒకరు తమ గొంతును అరువిచ్చినచో, ఆ గొంతుతో ఈ పనులన్నియు నిరాక్షేపముగా చేయవచ్చును.

కావున ఆట కొనువారు మూడు ప్రశ్నలు వేయుట మంచిది. ఈ గొంతు ఎవరిది? వారు సమ్మతించి, తగిన ప్రతిఫలము పొందిరా? ఈ మాటకు పూచీపడు మనిషి యున్నాడా? ఇంట పిల్లలు ఆడుచున్నప్పుడు ప్రక్కన కూర్చుండి వారిచేతనే ఈ ప్రశ్నలను వేయించుట మరియు మంచిది. తెరమీది బొమ్మ వెనుక ఒక మనిషి శ్రమ కలదని వారికి అప్పుడు తెలియును.

మా భాండాగారములోని గొంతులు మా సొత్తు కావు. అవి మమ్ము నమ్మి అప్పగించిన నిక్షేపములు. వానికి మేము కావలివారము. ఆ పెద్దలు పలికినది వినిపించుటకు మాకు అధికారము కలదు. పలుకనిది పలికించుటకు లేదు.