సోలాపూర్ సాంచాలు



సోలాపూర్ దుప్పటి అనగానే మీలో చాలామందికి ఇంట్లో బీరువా అడుగునో, మంచం మీదో ఉన్న మందపాటి నూలు దుప్పటి ఒకటి గుర్తొచ్చి ఉంటుంది. ముదురు ఎరుపో, నీలమో, ఆకుపచ్చో, మధ్యలో పెద్ద పువ్వో నెమలో. ఎన్ని ఉతుకులు పడ్డా చిరగని రకం. మా ఇళ్లలో అయితే దుప్పటికి వయసొచ్చాక మడతపెట్టి పసిపిల్లల కింద వేస్తారు. అది నేసినవాళ్లలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడతారన్న సంగతి మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. ఇవాళ ఆ ఊరి కథ చెబుతాను.

సోలాపూర్ మహారాష్ట్రకు ఆగ్నేయపు అంచున, కర్ణాటకను ఆనుకుని ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి వాడి మీదుగా ముంబై పోయే రైళ్లు కలబురగి దాటాక ఆగే పెద్ద స్టేషన్ ఇదే. బజారులో నిలబడితే మరాఠీ, కన్నడం, తెలుగు, దక్కనీ ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. ఒక్కో మనిషి పూటకు మూడు భాషలు మార్చడం అక్కడ విశేషం కాదు. మరాఠీవాళ్లు ఈ ఊరిని 'గిరణ్‌గావ్' అన్నారు, అంటే మిల్లుల ఊరు. ఇప్పుడా మాట ముందు 'ఒకప్పటి' అని చేర్చి చెబుతారు. మిల్లులు మూతపడ్డాయి కదా, ఊరి పని అయిపోయింది అన్నది పైనుంచి చూసేవాళ్ల లెక్క. నాకా లెక్క మీద నమ్మకం లేదు. ఎందుకో కథ నడిచేకొద్దీ మీకే తెలుస్తుంది.

1860లో బొంబాయి వైపు నుంచి రైలు సోలాపూర్ చేరింది. మరో పదకొండేళ్లకు ఆ దారి రాయచూరు దాకా సాగి మద్రాసు లైనుతో కలిసింది. చుట్టూ నల్లరేగడి, పత్తి పండే నేల. పత్తి ఉంది, రైలు ఉంది, ఇక మిల్లు పెట్టడానికి కావలసింది డబ్బూ మనుషులూ. డబ్బు బొంబాయి వ్యాపారి మొరార్జీ గోకుల్‌దాస్ తెచ్చాడు. మనుషులను కరువు తెచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్కనును పీల్చి పిప్పిచేసిన కరువు అది. సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో, సరిగ్గా ఆ కరువు నడుమ మొదలైంది. తర్వాత వేరే మిల్లులు వచ్చాక దీన్ని జనం 'జునీ మిల్', పాత మిల్లు అనడం మొదలుపెట్టారు. ఆ శతాబ్దం ముగిసేలోపు నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి మిల్లులు లేచాయి. మరో పదేళ్లకు విష్ణు, జామ్ మిల్లులు. ఊరి మీద చిమ్నీలు, చిమ్నీల కింద భోంగాలు. భోంగా అంటే మిల్లు కూత. పొద్దున లేవడం, సద్ది కట్టుకోవడం, పిల్లల్ని బడికి తోలడం, అన్నీ ఆ కూతను బట్టే. ఇంట్లో గడియారం లేకపోయినా ఇబ్బంది ఉండేది కాదు.

సద్ది అన్నాను కనుక ఒక మాట. సోలాపూర్ కడక్ భాకరీ, శేంగా చట్నీ ఇప్పుడు ప్యాకెట్లలో ముంబై దాకా పోతున్నాయి. పల్చగా కాల్చి అప్పడంలా గట్టిపడేదాకా ఆరబెట్టిన జొన్న రొట్టె, వేరుశెనగ కారప్పొడి. రోజులు గడిచినా పాడవని తిండి. పాళీ మీద, అంటే షిఫ్టు మీద పోయే మనిషికి ఇంతకంటే తేలికైన సద్ది ఉండదు. తెలంగాణ నుంచి పోయినవాళ్లకు జొన్న రొట్టె కొత్తేమీ కాదు కాబట్టి ఆ ఊరి తిండికి అలవాటుపడటం కష్టమై ఉండదు.

ఇంతకీ మనవాళ్లు అక్కడికి ఎలా చేరారు? అప్పట్లో సోలాపూర్ బ్రిటిష్ వారి బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. పక్కనున్న తుల్జాపూర్, నల్దుర్గ్ నిజాం సంస్థానం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మగ్గాన్ని నమ్ముకున్న పద్మశాలీలు నిజాం ఏలుబడి దాటి ఇటు వచ్చారు. కరువుకు కొందరు, అప్పులకు కొందరు, ముందు పోయిన బావమరిది రమ్మంటే కొందరు. ఒకసారి దారి పడ్డాక తరాల పాటు ఆగలేదు. అదే దారి ముందుకు సాగి భివండీకి, ముంబైలోని కామాఠీపురకూ పోయింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. వచ్చినవాళ్లంతా మిల్లు గేటులో దూరలేదు. చాలామంది ఊరి తూర్పు భాగంలో, పూర్వ్ భాగ్ అంటారు దాన్ని, సొంత మగ్గాలు పెట్టుకున్నారు. మిల్లు నూలు వడికింది, వీళ్లు ఆ నూలు కొని నేశారు. మరాఠీ ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల చీరకు రంగు అంచు ఉండాలి. చిన్న చిన్న మోతాదుల్లో, ఊరికో తీరుగా, రంగు మార్చి అంచు మార్చి నేయడం మిల్లుకు గిట్టదు, చేతిమగ్గానికి గిట్టుతుంది. ఆ సందు పట్టుకుని పూర్వ్ భాగ్ బతికింది. నాలుగు మగ్గాల నుంచి నలభై మగ్గాలదాకా ఉన్న కార్ఖానాలు వెలిశాయి. యజమానీ పద్మశాలే, కూలివాడూ పద్మశాలే. ఒకే కులం కదా అని కూలి దగ్గర దయ చూపించారని మాత్రం అనుకోకండి.

ఆ వీధుల్లో ఇంటిల్లిపాదికీ పని. ఆడవాళ్లు కండెలు చుట్టాలి, పిల్లలు తెగిన పోగులు అతకాలి, తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు చాచి గంజి పట్టించాలి. ఎండ ముదిరితే గంజి పెళుసెక్కి పోగు తెగుతుంది. కరెంటు వచ్చాక చేతిమగ్గం పోయి సాంచా వచ్చింది. మరమగ్గాన్ని సోలాపూర్ నుంచి సిరిసిల్ల దాకా మన నేతగాళ్లు అనేది ఆ మాటే. రాత్రీ పగలూ టకటకమని ఒకటే మోత. ఆ మోతలోనే పిల్లలు చదువుకున్నారు, పెళ్లిచూపులు జరిగాయి.

మిల్లుల కథలో చెప్పక తప్పని చేదు ముక్క ఒకటి ఉంది. సోలాపూర్‌లో 'సెటిల్‌మెంట్' అనే పేట ఉంది. నేరస్థ జాతులని బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి ముద్ర వేసిన సంచార కులాలను ఒకచోట కంచె వేసి ఉంచిన జాగా అది. ఆ కంచె లోపలి మనుషులను మిల్లుల్లో పనికి పంపేవారు. హాజరు వేయించుకుని వెళ్లాలి, హాజరు వేయించుకుని రావాలి. మిల్లుకు కూలీలు, సర్కారుకు నిఘా, రెండు పనులూ ఒక్క దెబ్బతో తీరాయి. ఆ చట్టం 1952లో పోయింది. పేట పేరు మాత్రం పోలేదు.

మిల్లు జనం తలవంచుకుని బతికిన జనం కారని 1930 చెప్పింది. ఆ మే నెలలో గాంధీగారిని అరెస్టు చేశారన్న వార్తకు సోలాపూర్ భగ్గుమంది. ఊరేగింపులు, సమ్మె, కల్లు అమ్మకాలకు నిరసనగా ఈత చెట్లు నరకడం. 8వ తేదీన పోలీసులు కాల్పులు జరిపారు. జనం తిరగబడి పోలీసు చౌకీలు తగలబెట్టారు. కొన్ని రోజులు ఊళ్లో బ్రిటిష్ అధికారం కనిపించకుండా పోయింది. 12న మార్షల్ లా పెట్టారు. మరుసటి ఏడాది జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిషన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుస్సేన్ అనే నలుగురిని పుణెలోని యెరవాడ జైల్లో ఉరితీశారు. ఆ నాలుగు పేర్లూ పక్కపక్కన చదివితే చాలు, అది ఎలాంటి ఊరో అర్థమవుతుంది. ఊరి నడిమధ్య కూడలిలో ఇప్పుడు ఆ నలుగురి విగ్రహాలున్నాయి.

మిల్లులు ఎందుకు మూతపడ్డాయో చెప్పడానికి పెద్దగా పట్టదు. అరిగిపోయిన యంత్రాలు, లాభాలు తిన్నారే తప్ప కొత్త యంత్రం కొనని యాజమాన్యాలు, మిల్లు బట్ట కంటే సాంచా బట్ట చవక కావడం, పాలియెస్టర్ రావడం. పాత మిల్లు అందరికంటే ముందు, 1960ల్లోనే పడిపోయింది. లక్ష్మి, విష్ణు కలిసి ఒకటైన లక్ష్మీ-విష్ణు మిల్లు 1990ల్లో మూతపడింది. నర్సింగ్‌గిర్జీని ప్రభుత్వ జౌళి సంస్థ తీసుకుని కొన్నాళ్లు లాగింది, చివరకు అదీ ఆగింది. ముంబై మిల్లులు 1982 సమ్మెతో పోయాయని అందరికీ ఒక తేదీ చెప్పడానికి ఉంది. సోలాపూర్‌కు అలాంటి తేదీ లేదు. మిల్లులు ఒకటొకటిగా, ముప్పై నలభై ఏళ్ల పాటు పోయాయి.

అయినా ఊళ్లోంచి బట్ట పోలేదు. మిల్లు ఆగినా సాంచా ఆగలేదు కనుక. మిల్లు ఊరనడంలో సగమే నిజం ఉందని నేననేది అందుకే. తొమ్మిది గజాల చీర కట్టేవాళ్లు తగ్గిపోతుంటే పూర్వ్ భాగ్ కార్ఖానాదారులు చీర వదిలి దుప్పటి పట్టారు, దుప్పటితోపాటు తువ్వాలు పట్టారు. అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలో ఇప్పుడు నేసే టెర్రీ తువ్వాళ్లు విదేశాలకు పోతాయి. సోలాపూర్ చద్దర్‌కు, అంటే మన దుప్పటికి, 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాల బోర్డుల మీద రాసింది మరాఠీయే, ఇంటిపేర్లు మాత్రం అచ్చంగా మన కరీంనగర్, వరంగల్ పేర్లు.

ఆ ఇంటిపేర్లు ఢిల్లీ దాకా వెళ్లాయి. సోలాపూర్ నుంచి లోక్‌సభకు గెలిచినవాళ్లలో గంగాధర్ కూచన్, ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్ ఉన్నారు. ఇక నర్సయ్య ఆడం, ఆడం మాస్టర్ అంటే అందరికీ తెలుసు, సీపీఎం తరఫున ఎమ్మెల్యే అయ్యాడు. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ రథోత్సవానికి పూర్వ్ భాగ్ అంతా వీధిలోనే ఉంటుంది. ఆనాడు సాంచాలకు సెలవు. దసరా ముందు బతుకమ్మలు. సంక్రాంతికి ఊరంతా కలిసి సిద్ధేశ్వరుడి గడ్డా యాత్ర చేస్తుంది.

ఇంతదాకా విని, మిల్లు పోతేనేం, సాంచా నిలబడింది, అంతా బాగానే ఉందనుకుంటే పొరపాటు. మిల్లు కార్మికుడికి హాజరు పుస్తకంలో పేరు, ప్రావిడెంట్ ఫండ్, జబ్బుచేస్తే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉండేవి. పది సాంచాల షెడ్డులో అవి దొరకడమే కష్టం. నేసిన బట్టకు కూలి, కరెంటు పోతే కూలి లేదు. ఆ లోటు పూడ్చింది ఆడవాళ్లు. సోలాపూర్‌లో వేలాది తెలుగు ఆడవాళ్లు చాట ముందు పెట్టుకుని బీడీలు చుడతారు. తడి గుడ్డలో చుట్టి మెత్తబరిచిన తునికాకు తీస్తారు, రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో కోస్తారు, జర్దా పోసి వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పి, దారం చుట్టి, మూతి మడుస్తారు. చూస్తుంటే క్షణంలో అయిపోతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, అందులో ఆకు బాగాలేదనీ చుట్ట వదులైందనీ కోత. భర్త సాంచా మీద, భార్య చాట ముందు. మిల్లులు పోయాక నెల గడిచిందంటే ఆ చాట పుణ్యమే. చద్దర్ గురించి రాసేవాళ్లు ఈ చాటను ఎందుకు మరిచిపోతారో నాకు తెలియదు.

ఆడం మాస్టర్ ఉద్యమం పట్టుకున్నది కూడా అక్కడే. ఊరి బయట కుంభారి దగ్గర బీడీ చుట్టే ఆడవాళ్ల కోసం పదివేల ఇళ్లు కట్టించారు. కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టిన ఆ కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. తర్వాత రేనగర్‌లో ముప్పైవేల ఇళ్ల పథకం మొదలైంది, 2024 జనవరిలో ప్రధాని మోదీ మొదటి విడతగా పదిహేను వేల ఇళ్లు ఇచ్చారు. ఇద్దరు ప్రధానులు, రెండు వేర్వేరు పార్టీలు, ఇళ్లు అడిగినవాళ్లు మాత్రం ఒక్క ఎర్రజెండా కింద కూడిన కార్మికులు.

చివరగా మీకు పనికొచ్చే మాట. సోలాపూర్ పేరు పెట్టి వేరేచోట్ల నేసిన పల్చటి దుప్పట్లు బజార్లో బోలెడు. కొనేటప్పుడు చేత్తో బరువు చూడండి. తర్వాత తిరగేయండి. జేకార్డ్ మగ్గం మీద రెండు రంగుల పోగులు కలిపి నేసినది అయితే, ఇటు ఎరుపు నేల మీద తెల్ల పువ్వు ఉంటే అటు తెల్ల నేల మీద ఎర్ర పువ్వు కనిపిస్తుంది. అచ్చు వేసిన దుప్పటి అయితే వెనకవైపు వెలవెలబోతుంది. దుకాణదారు మడత విప్పనివ్వకపోతే పక్క దుకాణానికి వెళ్లండి.