విమానం టికెట్టులో రెండు గడియారాలు



జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల నుంచి ఎంతోమంది పని కోసం దుబాయికి పోతారు. అట్లాంటి ఒక ఇంటి సంగతి అనుకుందాం.

కొడుక్కి టికెట్టు వచ్చింది. తల్లి ఈ మధ్యనే చదువు నేర్చింది. ఇంగ్లీషు అక్షరాలు రావు గాని, అంకెలు బాగా వచ్చు. టికెట్టు చూసింది. హైదరాబాదులో బయలుదేరేది 12వ తేదీ 00.40కి. దుబాయిలో దిగేది 03.10కి.

"రెండున్నర గంటలేనారా! హైదరాబాదుకు బస్సులోనే ఇంతకన్నా ఎక్కువ పడుతుంది గదా!" అన్నది.

ఆమె లెక్క తప్పు కాదు. కాని టికెట్టు మీద రెండు గడియారాలు ఉంటాయి. బయలుదేరే టైము మన దేశానిది. దిగే టైము ఆ దేశానిది.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకే పొద్దు ముందు మనకు పొడుస్తుంది. పడమట ఉన్న దుబాయికి తర్వాత పొడుస్తుంది. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 03.10 అయితే మనకు 4.40. అంటే ప్రయాణం నాలుగు గంటలు.

శంషాబాదు విమానాశ్రయం నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది. కాని లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. అందుకే నాలుగు గంటలు పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. కాబట్టి కొంచెం తొందరగానే వస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. కొడుకు 12వ తేదీ పొద్దున బస్సెక్కుదామనుకున్నాడు. తల్లికి అనుమానం వచ్చింది. చదువు కేంద్రంలో అడిగింది. 00.40 అంటే అర్ధరాత్రి దాటిన 40 నిమిషాలు. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. అంటే ఆ విమానం 11వ తేదీ రాత్రి పడుకుని లేచేలోపే వెళ్ళిపోతుంది! పైగా మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. 11వ తేదీ రాత్రి 9.40కే అక్కడికి చేరాలి.

కొడుకు 11వ తేదీ పొద్దున్నే బస్సెక్కాడు. లేకపోతే ఏమయ్యేది? విమానం తప్పేది. అప్పు చేసి కొన్న టికెట్టు డబ్బు పోయేది. పనికి చేరే రోజు కూడా దాటిపోయేది.

టికెట్టు కాగితం మీద ఉన్నా, ఫోనులో ఉన్నా మూడు సంగతులు చూడండి. తేదీ ఎంత? టైము ఎంత? ఆ టైము ఏ దేశానిది? 13 నుంచి 23 వరకు అంకె ఉంటే 12 తీసేయండి. 22.00 అంటే రాత్రి 10 గంటలు. మొదట 00 ఉంటే మాత్రం జాగ్రత్త! బయలుదేరాల్సింది ముందు రోజే.

ఇప్పుడు ఆ తల్లి ఫోను చేసే ముందు గడియారం చూస్తుంది. గంటన్నర తీసేస్తుంది. "ఇంకా డ్యూటీలోనే ఉంటాడు, కాసేపాగుదాం" అనుకుంటుంది.