ముందే వేసిన గుర్తు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను చెప్పబోయేది చాలా చిన్న వస్తువు గురించి. అరచేతిలో ఇమిడిపోతుంది. ప్లాస్టిక్కుతో చేసినది. జడకు పెట్టుకునే క్లచ్చి క్లిప్పులాగా ఉంటుంది. నొక్కితే నోరు తెరుస్తుంది, వదిలితే లోపల పెట్టిన బంతిని గట్టిగా పట్టుకుంటుంది. దాని వీపు మీద నక్షత్రం, బాణం, నిలువు గీత, పువ్వు లాంటి ఆకారాలు చిల్లులుగా కోసి ఉంటాయి. ఆ చిల్లులో పెన్ను పెట్టి గీస్తే బంతి మీద ఆ గుర్తు పడుతుంది. అంతే! చిల్లుల డబ్బాలో ముగ్గుపిండి పోసి గుమ్మం ముందు తడితే పద్మం పడుతుంది చూడండి, అదే సూత్రం. అక్కడ పిండి, ఇక్కడ సిరా.

“ఈవిడ ఏ ఊరగాయో, ఏ పిండివంటో చెబుతుందనుకుంటే బంతుల గొడవ ఎత్తుకుందేమిటి?” అనుకుంటున్నారు కాబోలు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. మా వారు ఉద్యోగంలోంచి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయని ఒక స్నేహితుడితో కలిసి గోల్ఫ్ ఆట మొదలుపెట్టారు. మన వైపు ఈ ఆట అందరికీ తెలిసినది కాదు గాని, మన దేశానికి కొత్తది మాత్రం కాదు. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు 1829లోనే పెట్టారు. మన హైదరాబాదులో గోల్కొండ కోట పక్కనా, విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలున్నాయి.

ఒక ఆదివారం నన్ను కూడా చూడటానికి రమ్మన్నారు. సరే, ఎండ ముదరకముందే వెళ్ళాను. ఆయనా, ఆ స్నేహితుడూ చెరొక బంతీ కొట్టారు. రెండూ వెళ్ళి ఒకే పొదలో పడ్డాయి. వెళ్ళి చూస్తే రెండు తెల్లని బంతులు, ఒకే కంపెనీవి, రెండింటి మీదా మూడో నెంబరే. “ముందున్నది నాది” అని ఈయన, “కాదు, అది నాది” అని ఆయన. ముప్పై ఏళ్ళ స్నేహం వాళ్ళది! చివరికి తెలిసినవారు ఒకరు వచ్చి చెప్పారు: ఏది ఎవరిదో తేల్చలేకపోతే, బంతులు కళ్ళెదుట ఉన్నా సరే, రెండూ పోయినట్టే లెక్క అట. ఇద్దరికీ చెరొక దెబ్బ అదనంగా వేసి, వెనక్కి వెళ్ళి ముందు కొట్టిన చోటునుంచే మళ్ళీ కొట్టమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే ఒట్టు.

మా అబ్బాయి ఈ సంగతి విని, “నాన్నగారూ, బంతి మీద గుర్తు పెట్టుకోకుండా ఆడటమేమిటి?” అని ఈ అచ్చు తెచ్చి ఇచ్చాడు.

ఆ గుర్తు అంత అవసరం ఎందుకో కాస్త చెబుతాను. గోల్ఫ్ ఆటలో క్రికెట్టులోలాగా పక్కనే నిలబడి చూసే అంపైరు సాధారణంగా ఉండడు. ఎవరి లెక్క వాళ్ళే నిజాయితీగా చెప్పుకోవాలి. పొరపాటున పక్కవాళ్ళ బంతిని కొడితే, దెబ్బలు లెక్కపెట్టే పోటీలో రెండు దెబ్బలు శిక్ష. ఇద్దరూ ముఖాముఖి ఆడే పోటీ అయితే ఆ గుంట ఎదుటివాళ్ళు గెలిచినట్టే. తప్పిపోయిన బంతిని వెతుక్కోవడానికి మునుపు ఐదు నిమిషాలు ఇచ్చేవారు, 2019 నుంచి మూడు నిమిషాలే. బంతి మీద ప్రతివారూ గుర్తు పెట్టుకోవాలని ఆ నియమాల పుస్తకంలోనే సలహా ఉంది. ఎంతటి ఆటగాడికైనా పొరపాటు తప్పదు సుమండీ. 1994లో స్కాట్లండులోని టర్న్‌బెర్రీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్ పోటీలో నిక్ ఫాల్డో అంతటివాడు వేరొకరి బంతిని కొట్టి నష్టపోయాడు.

కంపెనీవాళ్ళు నెంబర్లు వేస్తారు కదా అంటారేమో. డజను బంతుల పెట్టెలో మామూలుగా ఒకటి నుంచి నాలుగు దాకానే నెంబర్లుంటాయి, ఒక్కొక్కటి మూడేసి బంతుల మీద. ఆ మైదానంలో అలాంటి పెట్టెలు ఎందరు కొని ఉంటారో మీరే ఆలోచించండి.

ఇక గుర్తు వేసే పని మా ఇంట్లో ఎవరి మీద పడిందో చెప్పనక్కరలేదు. “ఏమోయ్, ముగ్గులు వేసే చెయ్యి నీది. కాస్త ఇవీ చూడు” అని డజను బంతులు నా ఒళ్ళో పోశారు మా వారు. మొదటి రెండూ పాడుచేశాను. తరువాత కిటుకులు తెలిశాయి. మీ ఇళ్ళల్లోనూ ఎవరైనా ఆడేవాళ్ళుంటే పనికొస్తాయని చెబుతున్నాను.

ముందుగా బంతిని సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. చేతి జిడ్డు ఉంటే సిరా నిలవదు. నీళ్ళకు చెరగని సిరా పెన్ను, మొన సన్నగా ఉన్నది తీసుకోవాలి. గోల్ఫ్ బంతి నున్నగా ఉండదు, ఒళ్ళంతా మూడు నాలుగు వందల చిన్న చిన్న గుంటలుంటాయి. ఉత్త చేత్తో గీస్తే గీత వంకర పోయేది అందుకే. అచ్చును బంతికి బాగా ఆనించి, పెన్ను నిటారుగా పట్టుకుని, చుక్క చుక్కగా అద్దుతూ నింపాలి. పెన్ను ఏటవాలుగా పట్టుకుని లాగితే సిరా అచ్చు కిందకి పాకి నక్షత్రం కాస్తా సాలీడు అవుతుంది. నా మొదటి రెండు బంతులూ అలా సాలీళ్ళయినవే! వేశాక వెంటనే అచ్చు తీయకండి. అర నిమిషం ఆగండి. తప్పు పడితే గోళ్ళరంగు తుడిచే మందు దూదితో అద్ది తుడిస్తే పోతుంది.

ముఖ్యమైనది ఇంకొకటి. గుర్తు ఒక్క వైపే వేస్తే చాలదు. బంతి బోర్లా పడి గుర్తు మట్టిలోకి పోతే కనపడేదెలా? దాన్ని ఎత్తి చూడాలంటే ముందు అది ఉన్న చోట గుర్తు పెట్టి, ఆ తరువాతే ఎత్తాలి. అది మరిస్తే మళ్ళీ ఒక దెబ్బ శిక్ష. అందుకని రెండు మూడు వైపుల వెయ్యాలి. జోడీగా ఆడేవాళ్ళు ఒకే గుర్తు ఎంచుకోకూడదని వేరే చెప్పాలా? ఆట మొదలుపెట్టేటప్పుడే “నాది ఫలానా నెంబరు, ఎర్ర నక్షత్రం” అని పైకి చెప్పుకోవడం మంచి అలవాటు.

ఈ అచ్చు గోల్ఫ్ బంతికే సరిపోతుంది. ఆ బంతి అడ్డకొలత సుమారు 43 మిల్లీమీటర్లు. మా మనవడి టేబిల్ టెన్నిస్ బంతి 40 మిల్లీమీటర్లే, లోపల జారిపోయింది. టెన్నిస్ బంతయితే అసలు పట్టదు. పైగా దాని నూగు సిరాను పీల్చేసుకుంటుంది. దానికి పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలో చిన్న గుండ్రటి చిల్లు కోసి, లావు పెన్నుతో పెద్ద చుక్క పెట్టండి. మా వాటాల్లో పిల్లల కొట్లాటలు దానితో సగం తగ్గాయి.

అమెరికాలో డఫీ వాల్డార్ఫ్ అనే పేరున్న గోల్ఫ్ ఆటగాడి బంతుల మీద ఆయన భార్యా పిల్లలూ రంగురంగుల బొమ్మలు, మాటలు రాసి ఇచ్చేవారట. ఆ సంగతి తెలిశాక నా పని నాకు కాస్త ముద్దుగానే అనిపించింది.

అలా ఒక మధ్యాహ్నం పన్నెండు బంతుల మీదా నక్షత్రాలు వేస్తూ కూర్చున్నాను. చెయ్యి పని చేస్తోంది గాని మనసు ఎక్కడెక్కడికో పోయింది. గుర్తు పెట్టుకోవడం మనకేమన్నా కొత్తా? చాకలి బట్టల మీద నల్లజీడి రసంతో, సున్నం అద్ది, ఇంటింటికీ వేరే గుర్తు పెట్టేవాడు. ఎన్ని ఉతుకులకీ చెరిగేది కాదు. రసం ఒంటికి తగిలితే పొక్కేదని పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. స్టీలు సామాను కొంటే పేరు కొట్టించనిదే మా అమ్మ ఇంట్లోకి తెచ్చేది కాదు. నేనే, పెళ్ళయి కాపరానికి వచ్చాక, “ఇదంతా పాతకాలపు చాదస్తం, నునుపైన గిన్నె మీద ఆ గీతలెందుకు?” అని మానేశాను.

ఆ మానేసినదాని ఫలితం ఇవాళ మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో నాలుగు గిన్నెల స్టీలు కారియరు కనపడలేదు. మా అమ్మ పెట్టినది. ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో ఆరేళ్ళుగా పని చేస్తున్న మనిషిని పిలిచి, “నువ్వేమైనా చూశావా?” అని అడిగాను. అడిగిన మాట అదే గాని, అడిగిన తీరు వేరు. ఆవిడకు అర్థమైంది. “నేను తియ్యలేదమ్మా” అంది. తోముతున్న గిన్నెలు పూర్తిగా తోమి, బోర్లించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. పదకొండు రోజుల జీతం రావలసి ఉంది, దానికీ రాలేదు. “చూశారా, తప్పు చేసింది గనకనే మొహం చూపించలేదు” అని నేను పక్కింటివాళ్ళతో అన్నాను కూడా.

ఎనిమిది నెలలు గడిచాయి. మా ఆడపడుచు ఇంటికి వెళితే, “వదినా, పిల్ల పెళ్ళిలో ఎవరిదో కారియరు మా ఇంట్లో ఉండిపోయింది. పేరు లేదు గనక ఎవరికివ్వాలో తెలియక అటక మీద పెట్టాను” అంటూ దించింది. నాదే. ఆ పెళ్ళికి స్వయంగా నేనే పులిహోర పట్టుకెళ్ళాను!

ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళాను. జరిగినది చెప్పి, తప్పు నాదేనన్నాను. రావలసిన డబ్బు చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంది. “మంచినీళ్ళు తాగుతారా అమ్మా?” అంది. మళ్ళీ పనిలోకి రమ్మంటే మాత్రం, “వద్దులెండమ్మా” అంది. నేను మరి అడగలేకపోయాను.

ఆ నక్షత్రాలు వేస్తున్నప్పుడు నాకు తోచినది ఇదీ. ఆ ఆటలో గుర్తు లేని బంతి దొరికితే ఇద్దరికీ సమానంగా నష్టం. ఎవరు పెద్ద ఉద్యోగం చేశారు, ఎవరు చిన్నవారు అని చూడరు. మన ఇళ్ళల్లో అలా కాదు. గుర్తు లేని వస్తువు కనపడకపోతే నష్టం ఎప్పుడూ ఒక్క వైపే పడుతుంది. చుట్టాన్ని అడగం, పక్కింటావిడను అడగం, మన మతిమరుపును మనం అడగం. ఎదురు మాట్లాడలేని మనిషినే అడుగుతాం.

మరుసటి వారం వీధిలో “గిన్నెలకు పేర్లు కొడతాం” అని అరుస్తూ వెళుతున్న అబ్బాయిని పిలిచి, ఉన్న సామానంతటికీ పేరు కొట్టించాను. ఎవరికైనా ఏదైనా ఇస్తే గోడమీది కాలెండరులో ఆ తేదీ పక్కన రాస్తున్నాను. మా వారి బంతులకు నక్షత్రాలూ నేనే వేస్తున్నాను. ఆయనా, స్నేహితుడూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. ఆయనది ఎర్ర నక్షత్రం, వారిది నీలం బాణం.

కనుక సోదరీమణులారా, గుర్తు వెయ్యవలసింది వస్తువు పోయాక కాదు, అది మన చేతిలో ఉన్నప్పుడే. బంతి కానివ్వండి, గిన్నె కానివ్వండి, అర నిమిషం పని. ఆ అర నిమిషం బద్ధకించి, తరువాత ఆ గుర్తును ఒక మనిషి మీద వెయ్యకండి. సిరా గుర్తయితే దూదితో తుడిస్తే పోతుంది.