మంచు నగరములో గంజి లెక్క



సంఘమువారు ఏదైనా వినోద విషయము చెప్పుమన్నారు. మేము చెప్పబోవు ఆటలో వినోదము తక్కువ. అయినను ఒకసారి కూర్చున్నవారు కోడి కూయుదాక లేవరు. రాత్రి డ్యూటీ లేని దినములలో మొరప్పూరు రైల్వేవారము నలుగురైదుగురము దీనికి చిక్కినాము. దీని పేరు ఫ్రాస్ట్‌పంక్. పోలెండు దేశములోని వార్సానగరమువారు 2018లో విడుదల చేసిన కంప్యూటరు ఆట.

కథ 1886 నాటిదిగా కల్పించినారు. లోకమంతయు మంచు కప్పుకొన్నది. పెద్ద గోతివంటి పల్లములో ఒక బొగ్గు యంత్రము, దాని చుట్టు 80 మంది మనుష్యులు. అందులో 15 మంది పిల్లలు. ఆడువాడే ఆ ఊరికి పెద్ద. బొగ్గు తవ్వించవలె, వేటకు పంపవలె, గుడిసెలు వేయించవలె. బొగ్గున్ననాడు కూడుండదు, కూడున్ననాడు వైద్యశాలలో మనుష్యులుండరు. తెర అడుగున రెండు కొలతలు కనబడుచుండును. ఒకటి జనుల ఆశ, రెండవది అసంతృప్తి. ఆశ అడుగంటినను, అసంతృప్తి పొంగినను ఆ పెద్దకు పదవి ఉండదు. నిల్వ, ఖర్చు, రేపటి ఇండెంటు - గుమాస్తాలకు ఇంతకంటె పరిచయమైన పని ఏమున్నది? అందుకే మాకింత రుచించినదేమో!

ఈ ఆటకు ప్రాణము చట్టముల పుస్తకము. ఆహారము చాలనప్పుడు పలుచని సూపు పోయుటకు ఒక చట్టము. మన భాషలో గంజి చట్టమే. కాదనుకొంటే కూటిలో రంపపు పొట్టు కలుపుటకు ఇంకొక చట్టము. పిల్లలను పనికి పంపుటకు మరియొకటి. అది అమలైన క్షణమునుండి పనివారి సంఖ్య పెరుగును, బొగ్గు పెరుగును. ఆ అంకె పెరిగినప్పుడు కలుగు సంతోషము నిజమైనదే. మేము కాదనము.

ఇదంతయు మంచుదేశపు కట్టుకథ అనుకొనవద్దు. గంజి లెక్క ఈ నేలకు కొత్త కాదు. మన 60 సంవత్సరములలో పదవది ధాత. 1876లో ఆ ధాత వచ్చినపుడే మద్రాసు రాజధానిలో మహాక్షామము పుట్టినది. తమిళ సోదరులు నేటికిని దానిని ‘తాదు వరుష పంజం’ అందురు. అప్పుడు ధర్మపురి సేలము జిల్లాలోనిది. 1877లో కలకత్తా ప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని లెక్క కట్టినాడు. పౌను అనగా సుమారు 450 గ్రాములు. ఆ తిండితో మనిషి పనిచేయలేడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించినాడు. కొన్ని నెలలకు కూలి పెంచినారు. ఆ కొన్ని నెలలు ఎట్లు గడచినవో కాగితముపై అంకెలు చెప్పవు.

అప్పటికే మొరప్పూరు మీదుగా రైలున్నది. అయినను లోపలి ఊళ్ళకు ధాన్యము బండ్లపైననే పోవలె; కరువులో ఎడ్లకు మేత ఎక్కడిది? అందుచేతనే తరువాత కరువు రక్షణకని చిన్న రైళ్ళు వేసినారు. మన స్టేషనునుండి ధర్మపురికి 1906లో రెండున్నర అడుగుల చిన్న రైలు నడచినది. 1913లో హోసూరు చేరినది. 1941లో మూసివేసినారు. మరల మొరప్పూరు - ధర్మపురి మార్గమునకు 2019లో శంకుస్థాపన జరిగినది.

ఒకనాడు మాలో ఒకరి అమ్మమ్మగారు వెనుక నిలిచి చూచుచు, “ఆ బొగ్గు మోసే పిల్ల పేరేమి నాయనా?” అని అడిగినారు. ఈ ఆటలో మనిషి మీద నొక్కినచో పేరు, కుటుంబము చూపుదురు. బొగ్గు తరుగుచున్న వేళ నొక్కుటకు ఎవరికి తీరిక? ఆమె అడిగినందున నొక్కినాము. పేరు వచ్చినది, తల్లిపేరు వచ్చినది. ఆ రాత్రి ఆట నెమ్మదిగా సాగినది. బొగ్గు చాలలేదు. అమ్మమ్మగారు మాత్రము పదిగంటలు దాటినను పోయి పడుకొనలేదు.

ఈ ఆట చిన్నపిల్లలకు తగదు. హైస్కూలు దాటినవారు ఆడవచ్చును; గంజి చట్టము దగ్గరకు వచ్చినపుడు ఇంటిలోని పెద్దవారిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వారి వద్ద వినవలసిన కరువు కథలు ఇంకను కొన్ని మిగిలియుండవచ్చును.

శాస్త్రిగారు పంచాంగము విప్పి ఆదాయ వ్యయములు చదువుటకు సిద్ధముగా ఉన్నారు. సెలవు.