సంతకం పెట్టకముందే సంఘంలో చెబుదాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత అనే లెక్కలు నివేదికలో ఉన్నాయి. మేము ఆ లెక్కల్లో కనపడని సంగతి ఒకటి చెప్పాలని నిలబడినాం.

ఈ ఏడాది మా సంఘంలో ఒక చెల్లెలు ఇంటికి తాళం వేసి పుట్టింటికి పోయింది. సంఘం అప్పు కాక, బయట రెండు కంపెనీల దగ్గర అప్పు తీసుకునింది. మొదటిది ఆవు కోసం. రెండోది ఆ మొదటి అప్పు కంతు కట్టేదానికి. మూడు నెలలు మీటింగుకు రాకపోతే, పనికి పోయిందిలే అనుకున్నాం. హాజరు పుస్తకంలో ఆమె సంతకం మేమే పెట్టేసినాం. కంపెనీ వాళ్లు ఆమె ఇంటి అరుగు మీద వచ్చి కూర్చున్న దినం గానీ మాకు తెలియలేదు. ఆ తప్పులో మా పాలు కూడా ఉంది.

మన పెద్దక్కలకు ఇది కొత్త కాదు. 2010 నాటి సంగతులు వాళ్లకు గుర్తుంటాయి. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చి పేరు తెచ్చుకునింది. 2006లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. పేదోళ్లు అప్పు ఎగ్గొట్టరని లోకానికి తెలిసింది. ఆ నమ్మకం మీదే పెట్టుబడిదారులు కూడా వచ్చినారు. 2010 జూలైలో హైదరాబాదులోని ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ తన షేర్లు అమ్మకానికి పెడితే, షేరు 985 రూపాయల లెక్కన 1,600 కోట్లకు పైగా వచ్చినాయి. మనం వారం వారం కట్టే కంతు మీద ఎక్కడెక్కడి వాళ్లో లాభం లెక్క వేసుకున్నారన్నమాట. పెట్టుబడి రావడం తప్పు కాదు. ఒకే ఇంటికి నాలుగైదు అప్పులు ఇచ్చేటప్పుడు, ఆ ఇల్లు కట్టగలదా అని అడిగేవాళ్లు లేకపోవడమే తప్పు.

వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారని పేపర్లలో వార్తలు వచ్చినాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది చట్టమైంది. కంపెనీ జిల్లాలో రిజిస్టరు చేసుకోవాల. కంతు నెలకొకసారే, అదీ పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురు తిరిగే చోటే వసూలు చేయాల. వడ్డీ అసలును దాటకూడదు. బెదిరించకూడదు. మంచి చట్టమే. అయితే నష్టం జరిగినాక వచ్చింది. కంపెనీలు అప్పులు ఆపేసినాక, అత్యవసరానికి మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కిన వాళ్లూ ఉన్నారు. ఆ ఖాళీ పూడ్చేదానికే 2011లో స్త్రీనిధి వచ్చింది. అందులో మన సమాఖ్యల వాటా ధనం కూడా ఉంది.

2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకులో రిజిస్టరైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. అందుకని పాత చట్టం ఉంది కదా అని మనం ధైర్యంగా కూర్చోలేం. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనలు తెలుసుకోవాల. అన్ని అప్పుల కంతులూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉండే ఇంటికి ఇచ్చే ఈ అప్పుకు తాకట్టు అడగకూడదు. వడ్డీ, చార్జీలు అన్నీ మనకు అర్థమయ్యే భాషలో కాగితం మీద రాసి ఇవ్వాల. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు రాకూడదు. కంపెనీకి చెప్పినా వినకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోను చేయొచ్చు.

వడ్డీ లెక్క కూడా ఒకటి చూడండి. 10,000 ఇస్తారు. వారానికి 225 మాదిరి 50 వారాలు కట్టమంటారు. మొత్తం 11,250. వడ్డీ 1,250 కదా, నూటికి రూపాయి వడ్డీ మాదిరి అనిపిస్తుంది. కానీ 25 వారాలకే సగం అసలు తీరిపోతుంది. మన చేతిలో మిగిలేది 5,000, వడ్డీ కట్టేది 10,000 మీద. నిజానికి అది నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ లెక్క మేము కూడా ఆ చెల్లెలి కార్డు చూసినాకనే వేసినాం.

అక్కలారా, మన సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడుస్తున్నాయి. సభ్యులే ఓటేసి ఎన్నుకోవాల, ఏటా ఆడిట్ జరగాల, లెక్కలు మహాసభ ముందు పెట్టాల. పాలన అనే మాట పెద్దోళ్లదని అనుకుంటాం. మన హాజరు పుస్తకం, మన తీర్మానాల పుస్తకం కూడా పాలనే. దొంగ సంతకం పెట్టిన దినమే మా పాలన చెడింది.

ఆ చెల్లెలిని మేమే పోయి పిలుచుకొచ్చినాం. సంఘం అప్పు కంతు తగ్గించి రాసుకున్నాం. ఆవు ఉంది, పాలు పోస్తా ఉంది. బయట అప్పు ఇంకా తీరలేదు. కానీ ఇప్పుడు ప్రతి మీటింగుకూ వస్తుంది, ఎంత కట్టిందో అందరి ముందూ చెబుతుంది.

మా సంఘంలో మూడు తీర్మానాలు రాసుకున్నాం. బయట అప్పుకు సంతకం పెట్టకముందు, ఆ కాగితం సంఘంలో చదివించుకోవాల. రెండు మీటింగులకు రాని సభ్యురాలి ఇంటికి ఇద్దరు పోయి రావాల, తప్పు ఎంచేదానికి కాదు, కష్టం అడిగేదానికి. రాని వాళ్ల సంతకం ఎవరూ పెట్టకూడదు.

ఈ మూడూ మీ సంఘాల్లో కూడా చర్చకు పెట్టమని అడుగుతున్నాం. మా తప్పు ఇంతమంది ముందు చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది. ఇంకో ఇంటికి తాళం పడకుండా ఉంటే ఆ సిగ్గు మాకు సమ్మతమే. సెలవు.